ఎర్రచుక్క గురి

గౌస్ మొహియుద్దీన్‌కి ఒక జబ్బుంది. కుదురుగా ఉన్నదాన్ని కుదురుగా ఉండనివ్వడు. ఫ్యాను చప్పుడు చేయకుండా తిరుగుతుంటే, ఎందుకు చప్పుడు చేయడం లేదో చూద్దామని స్టూలెక్కే రకం. ఖతర్ దేశంలోని రాస్ లఫాన్‌లో ఒక గ్యాస్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ అతను. మీటర్లు సరిచూసి, మరలు బిగించి, బిగించిన ప్రతి మర మీదుగా పక్కనున్న ఇనుము దాకా ఒక రంగు గీత గీయడం అక్కడి పద్ధతి. గీత తెగితే మర కదిలినట్టు, తెగకపోతే ఎవరూ ముట్టుకోనట్టు. తన గీత ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదని అతనికి గర్వం. ఊరకున్నంత ఉత్తమం లేదని పెద్దలు అన్నారు గానీ, ఆ మాట గౌస్ చెవికెక్కితే కదా!

భార్య షమ్సున్నీసాది జగిత్యాల. పెళ్ళయిన నాటి నుంచీ ఈ జబ్బును నవ్వుతూనే భరించింది. ప్లాంటుకి దగ్గరి ఊరైన అల్ ఖోర్‌లోని వాళ్ళ ఫ్లాటులో మిక్సీ మూత మొదలుకొని తలుపు గడియ దాకా పుట్టుకతో వచ్చిన మర ఒక్కటీ మిగల్లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కూతురు శిఫాకి పెళ్ళయి హైదరాబాదులో ఉంది. ఇక్కడ మిగిలింది వీళ్ళిద్దరే.

షుగరు షమ్సున్నీసా కళ్ళలోకి దిగింది. ముఖానికి దగ్గరగా తెచ్చిపెడితే పోల్చుకుంటుంది, దూరంగా ఉంటే అంతా మసక. కంటి లోపల రక్తం ఊరుతోందని, ఆపరేషన్ తప్పదని, చేశాక ఈపాటి చూపైనా మిగులుతుందని మాట ఇవ్వలేనని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. రంజాన్ పండగ అయ్యాక హైదరాబాదు వెళ్ళి చేయించాలని ఇద్దరూ అనుకున్నారు.

ఆసుపత్రి నుంచి తిరిగివస్తూ కారులో ఆమె ఒక సంగతి బయటపెట్టింది.

"అజీ, ఒక మాట చెప్త, కోపం చేయొద్దు. కొన్నేండ్ల సంది నాకు ఈద్ చాంద్ కనిపిస్తలేదు."

గౌస్ కారు వేగం తగ్గించాడు. "అదేంది? పోయినేడు డాబా మీద నా పక్కనే ఉంటివి. కనిపించింది అంటివి గదా!"

"అందరు అగో, అగో అని ఏలు సూపెడ్తుంటే, అంత ఖుషీల నాకు కనిపిస్తలేదని ఎట్లనాలె? అందుకే కనిపించింది అన్న. దువా చేసిన. అయిపాయె."

షమ్సున్నీసా పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పండగ నెలవంకను చూసిన కళ్ళతో మరి దేన్నీ చూడకుండా, మొదట తమకు ప్రాణమైన మనిషి ముఖం చూడాలి. అలా చూస్తే ఏడాదంతా ఆ మనిషి చల్లగా ఉంటాడని నమ్మకం. ఏటా ఆమె గౌస్ ముఖం చూసేది.

"సూడని చాంద్‌ను సూసినట్లు చెప్పి మీ మొఖం సూస్తుంటి. దొంగపని లెక్క అనిపిస్తుండె" అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆపరేషన్ కన్న ముందుగాల ఒక్కసారి నా కండ్లతోని చాంద్ సూడాల్నని ఉంది. అటెన్క అల్లా ఎట్ల రాస్తే అట్ల" అంది.

అంతే. గౌస్‌కి పని దొరికింది.

ఆ శుక్రవారమే అల్ ముంతజాలో ఫరీదుద్దీన్ అనే ఆయన ఇంటికి వెళ్ళాడు. ఆ కుటుంబం ఖతర్ విడిచి వెళ్ళిపోతూ సామానంతా అమ్మేస్తోంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన చిన్న టెలిస్కోపు ఒకటి అందులో ఉంది. ఒక తెల్లటి గొట్టం, మూడు సన్నటి కాళ్ళు, కన్ను ఆనించి చూసే ఒక బుడ్డి లెన్సు, గురి చూసుకోవడానికి గొట్టం పైన ఇంకొక చిట్టి గొట్టం. అదీ సరంజామా. కన్ను ఆనించేదాన్ని ఐపీసు అంటారని, పైనున్న చిట్టి గొట్టాన్ని ఫైండర్ అంటారని ఫరీదుద్దీన్ చెప్పాడు. చిట్టి గొట్టంలో కనిపించింది పెద్ద గొట్టంలోనూ కనిపించేలా ముందే రెంటినీ ఒక గురికి తెచ్చుకోవాలి.

ఆ సాయంత్రం డాబా మీద ఆకాశం నడుమ సగం చంద్రుడు ఉన్నాడు. గౌస్ గొట్టం తిప్పాడు, షమ్సున్నీసా వంగి కన్ను పెట్టింది.

"యా అల్లా!" అంది. "రొట్టె మీద మాడిన మచ్చల లెక్క ఉన్నయి!"

గౌస్ ఆమెకి ఇంకో విచిత్రం చెప్పాడు. మెడ నొప్పి పుట్టకుండా గొట్టం చివర ఒక అద్దం పెడతారు. దాని మూలంగా ఇందులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది.

"అంటే మీలెక్కనే అన్నట్టు. నేను ఇటు అంటే మీరు అటు" అని నవ్వింది. ఎన్నాళ్ళకో ఆమె అంత నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "ఇది చాలు. దీన్ని ఇట్లనే ఉంచుండ్రి. ఈద్ నాడు గిట్లనే సూపెట్టుండ్రి" అంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ "చాలు" అనే మాట గౌస్‌కి ఏనాడూ అర్థం కాలేదు.

మొదట కాళ్ళ సంగతి. గాలి వీస్తే కాళ్ళు వణికి, చంద్రుడు కూడా వణుకుతున్నాడు. దీనికి మందు అవసరమే, అందులో తప్పు లేదు. అదే ప్లాంటులో పరంజా కట్టే స్కాఫోల్డింగ్ పని చేసే నర్సింలుది కోరుట్ల పక్క పల్లె. గౌస్‌తో చాలా ఏళ్ళ స్నేహం. అతను ఒక సంచీ నిండా ఇసుక తెచ్చి కాళ్ళ నడుమ వేలాడదీశాడు. "ఖతర్ల ఒక్క పైస ఫులూస్ లేకుంట దొరికేది గిదొక్కటే భాయ్" అన్నాడు. కాళ్ళు కుదురుకున్నాయి.

గౌస్ కుదురుకోలేదు. నెలవంక సన్నగా ఉంటుంది కదా, ఇంకా పెద్దగా కనిపిస్తే షమ్సున్నీసాకి తేలికని ఇంకో ఐపీసు తెప్పించాడు. దాన్ని రెట్టింపు చేసే లెన్సు మరొకటి తెప్పించి దాని కింద బిగించాడు. పెద్దగా కనిపించిన మాట నిజమే. కానీ ఎంత పెద్దదవుతుందో చూపు అంత ఇరుకవుతుంది. బార్లా తెరిచిన కిటికీ మూసేసి తాళంచెవి కన్నంలోంచి చూసినట్టు తయారైంది. చంద్రుణ్ణి ఆ కన్నంలోకి తేవడానికే పావుగంట పట్టేది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

ఆమె మెట్లెక్కి వచ్చేది. "మళ్ళ ఏం మార్చిండ్రు?"

"ఆగు, ఇంక జరంత."

ఆమె చాప మీద కూర్చుని చూసేది. చంద్రుడు కనిపించేసరికి గౌస్‌కి అంచు సరిగా లేదనిపించి మళ్ళీ విప్పేవాడు. వంటింట్లో పొయ్యి మీద పాలున్నాయని ఆమె దిగి వెళ్ళిపోయేది. ఆ సాయంత్రాలు ఎన్ని పోయాయో గౌస్‌కి అప్పుడు తెలియలేదు. ఆ కళ్ళకి మిగిలిన వెలుగే కొద్దిగా ఉందని, దాన్ని తాను మరల దగ్గర ఖర్చు పెడుతున్నానని తట్టలేదు. ఆమె కోసమే కదా చేస్తున్నాననుకున్నాడు.

రంజాన్ నెల మొదలైంది. పాత ఐపీసు, చిట్టి ఫైండర్ పనికిరావని తేల్చి గౌస్ వాటిని నర్సింలు చేతిలో పెట్టాడు.

"గొట్టం లేని కన్ను నాకెందుకు భాయ్?" అన్నాడు నర్సింలు. "పాతదే ఉంచరాదు? వదినెకు దాంట్లనే మంచిగ కనిపిచ్చె గదా."

"నీకు తెల్వదు. ఈద్ చాంద్ జరసేపే ఉంటది. గురి జల్ది కుదరాలె. ఎర్రచుక్కది తెప్పిస్తున్న."

ఎర్రచుక్క అంటే కొత్త రకం ఫైండర్. చిన్న అద్దం పలక మీద ఒక ఎర్రటి వెలుగుచుక్క కనిపిస్తుంది. ఆ చుక్కను ఆకాశంలో దేని మీద పెడితే అది గొట్టంలోకి రావాలి. అది వచ్చేసరికి నెలవంక సాయంత్రం రేపనగా మిగిలింది. ఇఫ్తార్ అయ్యాక, ఒంట్లో రోజా ఉపవాసపు అలసట తీరకముందే, గౌస్ డాబా ఎక్కాడు. గురి కుదర్చడానికి దూరంగా కదలకుండా ఉండే వెలుగొకటి కావాలి. అల్ ఖోర్ వాళ్ళకి ఆ వెతుకులాట అక్కర్లేదు. రాస్ లఫాన్ గొట్టాల మీద మండే గ్యాసు మంటలు అక్కడినుంచి వరసగా కనిపిస్తాయి. ఆ వరస కుడి చివర పక్కపక్కనే ఉన్న రెండింటిలో కుడివైపుది గౌస్ పనిచేసే ప్లాంటుది. ఆ మంటంటే అతనికి ప్రేమ. గుంపులో తన బిడ్డను పోల్చుకున్నంత సులువుగా పోల్చుకుంటానని అనేవాడు.

పెద్ద గొట్టాన్ని అటు తిప్పాడు. ఇరుకు చూపులో ఒక్క మంటే పట్టింది. ఇది తనదేనా అని కాస్త కదిపి చూశాడు. రెండో మంట దీనికి ఎడమన ఉంది. అయితే ఇది కుడిది, మనదే అనుకుని, ఎర్రచుక్కను తెచ్చి తన ప్లాంటు మంట మీద పెట్టాడు. మరలు బిగించాడు. శిఫా ఎప్పుడో మరిచిపోయి వెళ్ళిన ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తెచ్చి, ప్రతి మర మీదుగా సన్నటి గీత గీశాడు. ఆరేదాకా ఊదాడు.

గొట్టంలో కుడి ఎడమవుతుందని భార్యకి నవ్వుతూ చెప్పినవాడు తానే. ఆ క్షణాన ఆ మాట గుర్తుకే రాలేదు. తన మంట తనకు తెలియదా అన్న ధీమా అలాంటిది.

మర్నాడు సాయంత్రం అల్ రువైస్ తీరానికి వెళ్ళారు. ఉత్తరాన ఆ రేవు ఊళ్ళో ఆకాశం అడ్డం లేకుండా ఉంటుంది. వెంట నర్సింలు కూడా వచ్చి ఇసుక సంచీ మోశాడు. చాలా కుటుంబాలు చాపలు పరుచుకుని పడమటి దిక్కుకి చూస్తున్నాయి. డాక్టరు వద్దన్నాడు కాబట్టి షమ్సున్నీసాకి ఆ నెల రోజా లేదు. అయినా గౌస్ ఇఫ్తార్ చేసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంది.

సూర్యుడు పూర్తిగా మునిగాడు. అజాన్ వినిపించింది. గౌస్ ఒక చేత్తో ఖర్జూరం నోట్లో వేసుకుని, రెండో చేత్తో గొట్టం మూత తీశాడు.

"అగో!" అని ఎవరో అరిచారు. గౌస్‌కి కూడా కనిపించింది. ఎర్రబడ్డ ఆకాశంలో కిందికి, గోరు కత్తిరించి పడేసినంత సన్నగా. ఎర్రచుక్కను దాని మీద పెట్టాడు. చుక్క సరిగ్గా నెలవంక వంపులో కూర్చుంది.

"రా షమ్సూ, నువ్వే ముందుగాల సూడాలె. నువ్వు సూసినంక నేను సూస్త."

ఆమె వంగి కన్ను పెట్టింది.

"కనిపిస్తుందా?"

ఆమె రెప్పలార్పి మళ్ళీ కన్ను పెట్టింది.

"జర తిప్పనా? ఇప్పుడో?" అతను ఫోకస్ మర అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ ఎర్రచుక్క చూశాడు. అది నెలవంక మీదే ఉంది. "కనిపించాలె షమ్సూ, అక్కడ్నే ఉన్నది. ఇంక జరసేపైతే మునుగుతది." అతని గొంతు వణికింది. ఇన్నాళ్ళ పాటు అంతటి ప్రయాస, చివరికి ఆమె కళ్ళే ఇక చూడలేకపోతున్నాయేమోనన్న భయం, రెండూ ఆ గొంతులో ఉన్నాయి.

ఆమె విన్నది. ఇంకొంచెం వంగింది.

"ఆఁ... కనిపించింది" అంది. "సుభానల్లా! ఎంత సక్కగున్నదండీ!"

కళ్ళు మూసుకుని లేచింది. మూసిన కళ్ళతోనే తడుముకుని, రెండు చేతులతో గౌస్ ముఖం పట్టుకుని, తన ముఖానికి దగ్గరగా లాక్కుని, అప్పుడు కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది. గౌస్ చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నవ్వాడు. "ఈసారి దొంగపని గాదు గదా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఈలోగా జనం ముబారక్‌లు చెప్పుకుంటూ దగ్గరికి వచ్చారు. నర్సింలు అందరికన్నా ముందు గౌస్‌ని కౌగిలించుకున్నాడు. నమాజుకి నిలబడి లేచేసరికి నెలవంక సముద్రపు మసకలో కలిసిపోయింది. తాను గొట్టంలో చూడనేలేదని గౌస్‌కి అప్పుడు గుర్తొచ్చింది. పోనీలే అనుకున్నాడు. చూడవలసిన మనిషి చూసింది.

పండగ అయ్యాక హైదరాబాదులో ఆపరేషన్ జరిగింది. ఫలించలేదు. వెలుగు, నీడ తప్ప షమ్సున్నీసాకి ఇంకేమీ మిగల్లేదు. కొంతకాలం చికిత్స కోసం శిఫా దగ్గరే ఉండిపోయింది. గౌస్ సెలవు అయిపోయి ఒక్కడే వెనక్కి వచ్చాడు. ఖాళీ ఫ్లాటులో అతనికి ఉన్న ఊరట ఒకటే. ఆమె అడిగింది చూపించాను, ఆలస్యం కాకముందే చూపించాను. ఎవరు పలకరించినా ఆ మాటే చెప్పేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రం నర్సింలు వచ్చాడు. లీవు మీద ఊరికి పోతూ క్యాంప్‌లో లాకరు ఖాళీ చేస్తుంటే పాత ఐపీసు, చిట్టి ఫైండర్ బయటపడ్డాయట.

"నీ కన్ను నీకే తెచ్చిన భాయ్. పొయ్యేముందట ఒక్కసారి నాకు సూత సూపెట్టు. సంచి మోసినోనికి సూసే హక్కు లేదా?"

గౌస్ నవ్వి, ఆ రోజు నుంచీ తెరవని పెట్టెను డాబా మీదికి తెచ్చాడు. ఆకాశంలో సగం చంద్రుడు. ఎర్రచుక్క వెలిగించి చంద్రుడి నడిమధ్యన పెట్టాడు. గొట్టంలో కన్ను పెట్టాడు.

ఏమీ లేదు. ఉత్త ఆకాశం.

ఫోకస్ తిప్పాడు. చుక్క సరిచూశాడు. మళ్ళీ చూశాడు, అదే ఖాళీ. పెట్టెలో ఎక్కడో మర కదిలి ఉంటుందనుకుని, సెల్‌ఫోన్ వెలుగులో ఫైండర్ మరలు చూశాడు. ఎర్ర గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. ఎక్కడా వెంట్రుకవాసి తెగలేదు.

గౌస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. గొట్టాన్ని రాస్ లఫాన్ వైపు తిప్పి ఎర్రచుక్కను తన ప్లాంటు మంట మీద పెట్టాడు. గొట్టంలో మంట కనిపించింది. అది నిజంగా తనదేనా అని తేల్చుకోవడానికి, గొట్టాన్ని చేత్తో మెల్లగా కుడికి నెట్టాడు. రెండో మంట చూపులోకి వచ్చింది. తన ప్లాంటుకి కుడిపక్కన మంట ఏదీ లేదు. కుడికి నెడితే వచ్చింది తన మంట, ముందు కనిపించింది పక్క ప్లాంటుది. అంటే ఎర్రచుక్క చూపించేది ఒకటి, గొట్టం చూసేది ఇంకొకటి. మొదటిరోజు నుంచీ అంతే. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన మంటనే పోల్చుకోలేకపోయాడు.

అతను అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

నర్సింలు ఏమీ అర్థంకాక, కొత్త ఐపీసునీ దాని కింది లెన్సునీ తీసి, తన చేతిలోని పాత ఐపీసు తొడిగి చూశాడు. "గీండ్ల చంద్రుడు లేడేంది భాయ్? మంటనే ఉన్నది" అని, గొట్టాన్ని తిప్పి ఎర్రచుక్కను చంద్రుడి మీద పెట్టి మళ్ళీ చూశాడు. "అగో, వచ్చిండు! జర అంచుకున్నడు గని మంచిగనే కనిపిస్తున్నడు."

గౌస్ లేచి చూశాడు. నిజమే. విశాలమైన ఆ పాత కంటిలో, గురి తప్పినా సరే, ఓ పక్కకి చంద్రుడు దొరికాడు. ఆ రోజు తీరంలో ఇది ఉండి ఉంటే నెలవంక ఆమెకి దొరికేది. దీన్ని ఇట్లనే ఉంచుండ్రి అని ఆమె చెప్పింది. ఇది చాలు అని కూడా చెప్పింది. ఒక్కసారి విని ఉంటే సరిపోయేది.

మరి ఆ సాయంత్రం ఆమె ఏం చూసినట్టు? ఖాళీ ఆకాశాన్ని చూసింది. గౌస్ గొంతులో వణుకు విని, ఏటా చెప్పిన మాటే చెప్పింది. ఆమెకి ఆ అలవాటుందని ప్రపంచంలో తెలిసినవాడు తనొక్కడే. తెలిసీ నమ్మాడు.

అంతలో ఫోను మోగింది. షమ్సున్నీసాయే. రోజూ ఈ వేళకి శిఫా నంబరు కలిపి ఇస్తుంది.

"తిన్నరా?" అంది.

"తింట. నర్సింలు వచ్చిండు." గౌస్ చెప్పేద్దామనుకున్నాడు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట. "షమ్సూ, ఆనాడు చాంద్ ఎట్లుండె?"

అటువైపు తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"గిప్పుడు గదెందుకు?"

"ఊకెనే."

"సన్నగుండె. మీరు సూపెట్టినట్లే ఉండె" అంది. తర్వాత గొంతు మెత్తబడింది. "గని నాకు యాదుండేది గది గాదు. దాని ఎన్క మీ మొఖం సూసిన గదా, గది. ఎంత ఖుషీగుండె ఆనాడు మీ మొఖం! అంత ఖుషీ నేనెన్నడు సూడలె. ఇప్పుడు కండ్లు మూసినా, తెరిసినా గదే కనిపిస్తది."

గౌస్ పెదవి కొరుక్కున్నాడు. నిజం చెబితే తన బరువు దిగుతుంది. కానీ ఆ చీకట్లో ఆమె దగ్గర మిగిలింది ఆ ఒక్క ముఖమే. అది తప్పు లెక్క మీద నవ్విన ముఖమని తనకి తెలిసిపోయిందంటే, ఆమె దాన్ని ఇక ఎలా చూసుకుంటుంది?

"అవును" అన్నాడు. "చాంద్ మస్తు సక్కగుండె."

ఫోను పెట్టేశాక ముఖం తుడుచుకున్నాడు. నర్సింలు ఎర్రచుక్క వైపు వేలు చూపించాడు.

"గురి తప్పినట్టున్నది భాయ్. స్క్రూడ్రైవర్ తేవాల్నా? సరిజేస్తవా?"

కుదురుగా ఉన్నదాన్నే కుదురుగా ఉండనివ్వని మనిషి, గురి తప్పిన మరల మీది ఆ ఎర్ర గీతలను వేలి కొసతో ఒకసారి నిమిరాడు.

"వద్దు" అన్నాడు. "అట్లనే ఉండనీ."